చెప్పులు విడిచే గది

మంచి మెకానిక్కుకు చెడ్డరోజంటే, చెడిపోయిందని తెచ్చిన యంత్రం షాపులో బుద్ధిగా పనిచేసే రోజు. ఆ బుధవారం సాల్మన్ రాజుకు అలాంటి రోజే వచ్చిపడింది.

జమ్మలమడుగు విద్యాసుధ స్కూలు కంప్యూటరు రెండు రోజులుగా అతని బల్ల మీద మూత లేకుండా పడి ఉంది. స్కూల్లో రోజుకు మూడుసార్లు బిగుసుకుపోతుందట. తెర మీద బొమ్మ ఎక్కడిదక్కడ నిలబడిపోతుందట. ఒక్కోసారి నీలం తెర పడి దానంతటదే ఆగి మళ్ళీ మొదలవుతుందట. ఇక్కడ మాత్రం రెండు రోజుల్లో ఒక్కసారి కూడా దగ్గలేదు. సాల్మన్ రాజు మెమరీ కార్డు పీకి, దాని పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాడు. ప్రాసెసరు మీద ఎండిపోయిన పేస్టును గీకి, జేబులో దొరికిన చీటీతో తుడిచి, కొత్తది రాశాడు. పవర్ సప్లై తీగలకు మీటరు పెడితే పన్నెండు వోల్టులకు పన్నెండే, ఐదుకు ఐదే చూపింది. మెమరీ పరీక్ష పెట్టి ఎనిమిది గంటలు తిప్పాడు. భార్య ఆనందమ్మ జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు అడిగి తెచ్చి లోపలికి వేడిగాలి కొట్టాడు. స్క్రూడ్రైవరు పిడితో బోర్డును అక్కడా ఇక్కడా తట్టాడు. పెట్టె అన్నిటికీ ఓర్చుకుని తిరుగుతూనే ఉంది.

"ఆడ అన్ని కతలు పడతావంట, ఈడ కొత్తకోడలి మాదిరి ఇంత మర్యాదగా ఉండావేందే" అన్నాడు దానితో.

ప్రొద్దుటూరు మెయిన్ బజారు వెనక సందులో, మురుగుకాలువ పక్కన, అతను షాపు పెట్టి ఇరవై రెండేళ్లయింది. పెట్టె ఆన్ చేయగానే వచ్చే బీప్ విని జబ్బేదో చెప్పేస్తాడని ఊళ్ళో పేరు. ఆ పేరు తెచ్చిన చిక్కు ఒకటుంది. అతనికి తెలియనిది ఏదీ లేదని జనంతో పాటు తనూ నమ్మేశాడు.

సర్వీసు పుస్తకంలో కార్బన్ కాగితం పెట్టి రాయడం మొదలుపెట్టాడు. 'కారణం' అన్న గడి దగ్గర కలం ఆగింది. నాకు తెలియలేదు అని రాస్తే ఆ స్కూలు రేపు ఇంకో షాపుకు పోతుంది. అలాంటప్పుడు ఈ వృత్తిలో అందరూ రాసే మాట ఒకటుంది. ఎవరికీ పోయేదేమీ లేదనుకుని అతనూ అదే రాశాడు. 'యంత్రములో లోపము లేదు. వాడకములో అజాగ్రత్త.' కింద తారీకు, సంతకం, షాపు ముద్ర.

గురువారం మధ్యాహ్నం పెట్టెను బండి వెనక కట్టుకుని జమ్మలమడుగు పోయాడు. మార్చి సగం కూడా కాలేదు, పెన్నలో నీటి చుక్క లేదు. స్కూలు ఆవరణలో నేల నెర్రెలిచ్చి ఉంది. కంప్యూటరు గది గుమ్మం ముందు చెప్పులు వరసగా ఉన్నాయి. పైన గోడకు 'పాదరక్షలు బయట విడువవలెను' అన్న బోర్డు. దుమ్ము పోతే యంత్రాలు పాడవుతాయని తొమ్మిదేళ్ల కింద ఆ బోర్డు రాయించింది సాల్మన్ రాజే. అప్పటినుంచి ఆ గదిలోకి అందరూ దేవుడి గదిలోకి పోయినట్టు ఉత్తకాళ్ళతోనే పోతున్నారు. అతనూ బూట్లు విప్పి లోపలికి వెళ్ళాడు.

ఆపరేటరు పీరాంబీ కుర్చీలోంచి లేచింది. ముప్పై దాటిన మనిషి. ఆరేళ్లుగా ఆ స్కూలు రాతకోతలన్నీ ఆమె వేళ్ళ మీదే నడుస్తున్నాయి.

"ఏమన్నా దొరికిందా అన్నా?"

"ఉంటే కదమ్మా దొరికేది. షాపులో రెండు దినాలు గుర్రం మాదిరి పరిగెత్తింది."

"సోమవారం నీకు ఒక చీటీ ఇచ్చినా. సదివినావా?"

"చూసినాలే" అన్నాడు సాల్మన్ రాజు బల్ల కిందికి వంగి తీగలు తగిలిస్తూ. ఏ చీటీనో అతనికి గుర్తుకు రాలేదు.

"పెట్టె ముట్టుకుంటే చీమలు కుట్టినట్లు జుమ్మంటాదన్నా. ఈ నెల మరీ ఎక్కువైంది."

"ఎండాకాలం కదా, అట్లనే ఉంటాది. చెప్పులేసుకో."

ఆమె బోర్డు ఉన్న గుమ్మం వైపు చూసింది. "చెప్పులు ఇడవమని బోర్డు పెట్టించింది నువ్వే కదన్నా."

సాల్మన్ రాజు నవ్వేశాడు. ఆమె నవ్వలేదు.

పన్నెండూ యాభైకి భోజనం గంట కొట్టారు. కిటికీ అవతల, ఆ గోడకే ఆనించి, పిల్లలు నీళ్ళు పట్టుకునే వాటర్ కూలరు ఉంది. సీసాల చప్పుడుతో, అరుపులతో గది మారుమోగింది. "పట్టుకో, పట్టుకో. పది లెక్కపెట్టేదాకా ఇడవగూడదు" అని ఒక పిల్ల అంటోంది. "ఒకటి, రెండు, మూడు" అని నలుగురు లెక్కపెట్టారు. అంతలో "అబ్బా" అన్న అరుపు, దాని వెనక కిలకిల నవ్వులు. పిల్లలకు ఆడుకోను ఏదైనా చాలు అనుకుంటూ సాల్మన్ రాజు ఆఖరి స్క్రూ బిగించాడు.

ఆఫీసు గదిలో ప్రిన్సిపాల్ ప్రసన్నకుమారితో పాటు కరస్పాండెంటు శరత్ చంద్ర కూడా ఉన్నాడు. ప్రొద్దుటూరులో గుడ్డల వ్యాపారం చేసే కుటుంబం వాళ్ళది. జమ్మలమడుగులో ఒక బడి, పులివెందులలో ఒక బడి నడుపుతున్నాడు. గొంతు పెంచి మాట్లాడే మనిషి కాడు. రిపోర్టు తీసుకుని రెండుసార్లు చదివాడు.

"వాడకములో అజాగ్రత్త" అన్నాడు మెల్లగా. "నేనూ అదే అనుకుంటాండా రాజూ. పదో తరగతి పిల్లోళ్ళ మార్కులు ఆన్‌లైన్లో ఎక్కియ్యల్ల. శనివారం ఆఖరు. పీరాంబీ మూడుసార్లు ఎక్కించింది, మూడుసార్లూ సగంలో పోయినాయి. ఇంట్లో పెండ్లికని లీవు అడిగింది, ఇయ్యలేదు. అప్పటినుంచే ఇదంతా."

"అజాగ్రత్త అంటే కావాలని అని కాదు సార్" అన్నాడు సాల్మన్ రాజు.

ఆయన జవాబు చెప్పేలోగా గుమ్మంలో పీరాంబీ నిలబడింది. "సార్, మళ్ళా ఆగిపోయింది."

గోడ గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది. శరత్ చంద్ర ఆ కాగితాన్ని మడిచి ప్రిన్సిపాల్ ముందు పెట్టాడు.

"చూసినావా రాజూ. నీ షాపులో రెండు దినాలు ఆడిన మిషను ఈమె చేతిలో అర్ధగంట ఆడలే."

సాల్మన్ రాజు లేచి వెళ్ళి చూశాడు. బొమ్మ నిలబడిపోయి ఉంది. ఆపి మళ్ళీ వేస్తే చక్కగా పైకి లేచింది. ఇంకో పావుగంట దాని ముందు కూర్చున్నా ఏమీ కాలేదు. తిరిగి వచ్చేసరికి ఆఫీసు గది తలుపు వేసి ఉంది. లోపల ప్రసన్నకుమారి గొంతు, మధ్యమధ్య పీరాంబీ గొంతు వినిపించాయి. తలుపు తట్టాలా వద్దా అని రెండు క్షణాలు నిలబడ్డాడు. తట్టలేదు. ఆ రెండు క్షణాలు ముద్దనూరు రోడ్డు దాటేదాకా అతని వెనకే వచ్చాయి.

శుక్రవారం పదకొండింటికి పీరాంబీ షాపుకు వచ్చింది. బురఖా అంచుకు బస్సు దుమ్ము ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నన్ను రావద్దన్నారన్నా. నా డిగ్రీ సర్టిఫికెట్లు చేరిననాడే తీసి బీరువాలో పెట్టుకున్నారు. అడిగితే, మిషను నేనే కావాలని చెడగొట్టినానని రాసిచ్చి తీసకపొమ్మంటాండారు. సోమవారం దాకా గడువు. అట్ల రాసిస్తే ఇంగ ఏ బడిలో నన్ను గడప తొక్కనిస్తారు?"

"నేను అట్ల రాయలేదు పీరాంబీ."

"నువ్వు ఏం రాసినావో చూపిచ్చినారులే." ఆమె గొంతు పెరగలేదు. "నేనిచ్చిన చీటీ సదివినా అంటివే. దాంట్లో ఏం రాసినానో చెప్పు."

బల్ల మీద సోల్డరింగ్ కడ్డీ పొగలు కక్కుతోంది. దాన్ని ఆపడానికన్నట్టు సాల్మన్ రాజు అటు తిరిగాడు.

"సదవలేదని నాకు తెలుసు" అంది ఆమె. "నన్ను తిట్టింటే ఇంత బాధ ఉండకపోను. దొంగను చేసినావు."

ఆమె వెళ్ళిపోయాక పని ముట్టుకోబుద్ధి కాలేదు. పనిముట్ల పెట్టె బల్ల మీద బోర్లించాడు. స్క్రూల మధ్య, పాత ఫ్యాన్ల మధ్య, ఉండ చుట్టిన కాగితం ఒకటి దొరికింది. ప్రాసెసరు పేస్టు బూడిదరంగులో అంటుకుని ఎండిపోయింది. దాన్ని విప్పి బల్ల మీద అరచేత్తో చదును చేశాడు.

జనవరి పంతొమ్మిది నుంచి ప్రతిరోజూ ఉంది. తారీకు ఒక వరస, టైము ఒక వరస, గుండ్రటి చేతిరాత. పదీ యాభై. ఒంటిగంటా పది. మూడూ ఇరవై ఐదు. మర్నాడు మళ్ళీ అవే, రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ. ఆదివారం ఆఫీసు పని మీద వచ్చినప్పుడు 'ఆగలేదు'. సంక్రాంతి సెలవులకు ముందు ఎప్పుడూ లేదని పక్కన ఒక ముక్క. సోమవారం, అతను చూడ్డానికి వెళ్ళిన రోజు, 'పిల్లలు ఆటల పోటీలకు పోయినారు. ఆగలేదు'. అన్నిటికంటే కింద, పేస్టు మరక అంచున: 'బెల్లు కొట్టి పిల్లోళ్ళు నీళ్ళు తాగి పోయినాక, గోడవతల కూలరు మోటారు గుర్రుమంటుంది. అప్పుడే ఆగుతుంది. అప్పుడే పెట్టె కుడుతుంది.'

ఇరవై రెండేళ్ల మెకానిక్కు రెండు రోజులు వెతికి కనుక్కోలేనిది ఒక ఆపరేటరు రాసి చేతిలో పెడితే, దాంతో అతను మసి తుడుచుకున్నాడు. సిగ్గుతో చాలాసేపు ఆ కాగితం ముందు కూర్చుండిపోయాడు.

తర్వాత తల పనిచేయడం మొదలుపెట్టింది. పిల్లలు చల్లనీళ్ళు ఖాళీ చేస్తారు. కూలరులోకి వేడినీళ్ళు చేరతాయి. మోటారు లేస్తుంది. మోటారులో తీగ ఎక్కడో తోలు లేచి, కరెంటు కూలరు ఒంట్లోకి దిగుతోంది. అలా దిగిన కరెంటు ఎర్తు తీగ పట్టుకుని భూమిలోకి పోవాలి. పోవడం లేదు. అదే తీగకు కట్టిన కంప్యూటరు పెట్టెలోకి ఎక్కుతోంది. నేల తడిగా ఉంటేనే ఎర్తు పనిచేసేది. అతని షాపులోనేమో నేల మురుగుకాలువ పుణ్యాన పన్నెండు నెలలూ తడి, పైగా కూలరే లేదు. ఇక్కడ జబ్బు కనబడమంటే ఎక్కడ కనబడుతుంది?

అప్పుడు గుర్తొచ్చింది కిటికీ అవతలి ఆట. 'పది లెక్కపెట్టేదాకా ఇడవగూడదు.' ఆ పిల్లలు పట్టుకుని లెక్కపెడుతున్నది కూలరు కొళాయినే.

'ట్రిప్ స్విచ్ ఉంది కదా' అని తనకు తనే ధైర్యం చెప్పుకున్నాడు. కరెంటు మనిషి ఒంట్లోకి పోతే రెప్పపాటులో దానంతటదే పడిపోయే స్విచ్చి. ఉంది కదా. అప్పటికి బడి వదిలే వేళయింది. ప్రిన్సిపాల్‌కు ఫోను చేశాడు, ఎత్తలేదు. రేపు శనివారం పొద్దున్నే పోతే సరిపోతుందనుకున్నాడు.

శనివారం పొద్దున్నే బయల్దేరబోతే, ఇంకో బడి వాళ్ళు ప్రింటరు పట్టుకుని షాపు ముందు నిలబడ్డారు. వాళ్ళను సాగనంపి, పీరాంబీకి ఫోను చేసి స్కూలుకు రమ్మని చెప్పి, జమ్మలమడుగు చేరేసరికి పదీ పదయింది.

ఆవరణలో పిల్లలు బారులుగా కూర్చుని యోగా చేస్తున్నారు. శనివారం మూడో పీరియడు యోగా. బూట్లన్నీ వరండాలో జతలు జతలుగా పేర్చి ఉన్నాయి. సాల్మన్ రాజు ఆ బూట్ల వంక చూశాడు, ఉత్తకాళ్ళ వంక చూశాడు, వాళ్ళకూ కూలరుకూ మధ్య దూరం చూశాడు. పదీ నలభైకి గంట.

కంప్యూటరు గదిలోకి పోకుండా గోడ వెనక్కి వెళ్ళాడు. కూలరు కింద నేల తడితడిగా ఉంది. టెస్టరు తీసి కొళాయికి ఆనించాడు. లోపల ఎర్రగా మినుకుమంది. మీటరు తీసి, ఒక కొస కొళాయికి, ఇంకో కొస పక్కనున్న బోరు గొట్టానికి పెట్టాడు. నలభై వోల్టులు. టెస్టరు పిడితో కొళాయి తిప్పి, మూడు బిందెల నీళ్ళు వదిలి ఎదురుచూశాడు. కాసేపటికి మోటారు గుర్రుమంది. మీటరులో అంకె ఎగిరి నూట తొంభై దగ్గర నిలబడింది.

"ఏమప్పా సాల్మనూ, ఈడ కూసోనుండావు?"

అటెండరు యాకోబు. అరవై దాటినా గంట కొట్టే పని ఇంకా ఆయనదే.

"యాకోబు మామా, ఎర్తు గుంట యాడుంది?"

ముసలాయన మూడడుగులు వేసి, మట్టిలో కూరుకున్న సిమెంటు మూత చూపించాడు. ఇద్దరూ కలిసి ఎత్తారు. లోపల గుంట సున్నంలా ఎండిపోయి ఉంది. బొగ్గుకూ ఇనుప కడ్డీకీ మధ్య సాలీడు గూడు కట్టుకుంది.

"దీంట్లో నీళ్ళు పొయ్యరా?"

"నేనే పోస్తాంటినప్పా, పొద్దున్నే రెండు బిందెలు. మా నాయిన దొరల మిషన్ బడిలో పనిచేస్తాండంగా నేర్పినాడు, ఎర్తుకు నీళ్ళు పోసినాకనే గంట కొట్టల్లని. సంక్రాంతి అయినాక ఈడ కెమెరాలు పెట్టిరి. సారు ఆ టీవీలో చూసినాడంట. చెట్టు లేదు చేమ లేదు, ఉత్త గుంతలో ట్యాంకరు నీళ్ళు పారబోస్తాండావు, మతి ఉందా లేదా అని అరిచినాడు. నిలిపేసినా."

"ఎప్పుడు నిలిపినావు?"

"బడి తెరిచిన దినమే. పంతొమ్మిదో ఇరవయ్యో."

పీరాంబీ చీటీలో మొదటి తారీకు సాల్మన్ రాజు కళ్ళ ముందు మెదిలింది. లేచి వరండా చివరనున్న మీటరు బోర్డు దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. గుంట ఎండినా ట్రిప్ స్విచ్ పడాలి కదా. ఎందుకు పడలేదు?

మూత తీసి చూశాడు. ట్రిప్ స్విచ్ ఉంది. దాన్ని పక్కకు పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు ఒక ఎర్రతీగ వంకరగా లాగి ఉంది. తీగ మొనలకు పచ్చరంగు టేపు. ఆ టేపు అతని సంచిలోదే.

పోయిన ఏప్రిల్లో ఆ స్విచ్చి రోజుకు నాలుగుసార్లు పడిపోయి కంప్యూటర్లన్నీ ఆగిపోతుంటే, దీనివల్లనే మిషన్లు పాడవుతున్నాయని తనే చెప్పాడు. ఎలక్ట్రీషియన్ దావూద్ తటపటాయిస్తే, "ఏం కాదులే, డైరెక్ట్ చెయ్యి" అని సంచిలోంచి తీగ ముక్క తీసి ఇచ్చాడు. పది నిమిషాల పని. ఆ స్విచ్చి ఎందుకు పడుతోందని ఆ రోజు అతను ఎవరినీ అడగలేదు. తర్వాత మరిచేపోయాడు. వాచీ చూసుకున్నాడు.

పదీ ముప్పై ఎనిమిది. యోగా బారులు విడిపోయాయి. పిల్లలు సీసాలు పట్టుకుని, బూట్లు తర్వాత వేసుకోవచ్చులెమ్మని, ముందు నీళ్ళ కోసం గోడ వైపు పరిగెత్తుతున్నారు. కంప్యూటరు గదిలో శరత్ చంద్ర స్వయంగా కూర్చుని మార్కులు ఎక్కిస్తున్నాడు. ఇప్పుడు ఆపితే ఎక్కించినవన్నీ పోతాయి. పీరాంబీ చేసిందని నింద వేసిన పని సరిగ్గా ఇదే.

సాల్మన్ రాజు మెయిన్ స్విచ్ కిందికి లాగాడు.

ఫ్యాన్లు నిదానించి ఆగాయి. కూలరు గుర్రుమనడం మానింది. కరెంటు పోయినప్పుడు పిల్లలు అరిచే పెద్ద "ఓ" బడి అంతటా లేచింది. ముందు పరిగెత్తిన పిల్ల అప్పటికే కొళాయి తిప్పి, ఏమీ తెలియనట్టు సీసా నింపుకుంటోంది.

శరత్ చంద్ర ఉత్తకాళ్ళతోనే బయటికి వచ్చాడు. "ముప్పై ఐదు మందివి అయినాయి. ఇంగ ఒక్క పేజీ. ఎవురు ఆపింది?"

"నేనే సార్. చేత్తో ఆపినా."

"నీకేమన్నా మతి పోయిందా రాజూ?"

"ఒక్క నిమిషం ఇట్ల రండి సార్. చెప్పులేసుకొని రండి."

యాకోబును పిల్లలకు అడ్డంగా నిలబెట్టాడు. ప్రసన్నకుమారి ఆఫీసులో పటం దగ్గర వెలిగే చిన్న జీరో బల్బు తెప్పించి, దానికి రెండు తీగలు కట్టాడు. ఒకటి కొళాయికి చుట్టి, ఇంకొకటి బోరు గొట్టానికి చుట్టి, మళ్ళీ మెయిన్ పైకి ఎత్తాడు. మోటారు లేచింది. పట్టపగలు, ఏ స్విచ్చీ లేకుండా, పిల్లలు నీళ్ళు పట్టుకునే కొళాయి నుంచి ఆ బల్బు ఎర్రగా వెలిగింది.

వెనకనుంచి ఒక చిన్నపిల్ల "అది కరెంటు కొళాయి సార్. మేము రోజూ ఆడుకుంటాం" అంది. శరత్ చంద్ర ఆ పిల్ల చేతుల వంక చూసి గోడకు ఆనుకున్నాడు. సాల్మన్ రాజు మెయిన్ దించి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు.

ఆఫీసు గదిలో శరత్ చంద్ర తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. మెల్లగానే మొదలుపెట్టాడు.

"మధ్యాహ్నానికల్లా దావూద్‌ను పిలిపిస్తా. కొత్త కూలరు, కొత్త ఎర్తు, అన్నీ ఏపిస్తా. దేవుడు మంచోడు, ఎవరికీ ఏం కాలే. కానీ రాజూ, ఇది కాగితం మీద వద్దు. తల్లిదండ్రులకు తెలిస్తే బడి ఉంటాదా? ఆ పాప సర్టిఫికెట్లు ఇచ్చేస్తాం. తనంతట తనే మానేసినట్లు రాసుకుందాం."

"ఆమెది తప్పని కాగితం మీదనే రాసినా సార్. కాగితం మీదనే తీసెయ్యల్ల."

"పోయిన ఏప్రిల్లో ఆ ట్రిప్ స్విచ్ తప్పించి తీగ ఏపిచ్చింది నువ్వు. అదీ రాస్తావా? ఈ జిల్లాలో ఇంగ ఏ బడి అయినా నిన్ను పిలుస్తాదా?"

సాల్మన్ రాజు సర్వీసు పుస్తకం తెరిచి కార్బన్ పెట్టాడు. 'వాటర్ కూలరు మోటారులో కరెంటు లీకు. ఎర్తు గుంట ఎండిపోయినది. ట్రిప్ స్విచ్ తప్పించి తీగ వేయబడినది. వేయించినది సాల్మన్ రాజు. నా మునుపటి రిపోర్టు తప్పు. ఆపరేటరు తప్పు ఏమియూ లేదు. లోపమును మొదట కనిపెట్టినది ఆపరేటరు పీరాంబీ.' సంతకం పెట్టి, ముద్ర వేసి, పై కాగితం శరత్ చంద్ర ముందు పెట్టాడు.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. ప్రసన్నకుమారే లేచి, ఎవరి వంకా చూడకుండా బీరువా తాళం తీసి, పీరాంబీ పేరున్న కవరు బయటికి తీసింది. పీరాంబీ వచ్చేదాకా దాన్ని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

పీరాంబీ పన్నెండున్నరకు వచ్చింది. వరండాలో నిలబడి కవరులోని కాగితాలు ఒక్కొక్కటే లెక్క చూసుకుంది. తర్వాత సాల్మన్ రాజు ఇచ్చిన కార్బన్ కాపీ చదివింది. ఆమె మొహంలో అతను వెతుకుతున్నది ఏదీ కనబడలేదు.

"టైము రాయలేదన్నా" అంది కాగితం తిరిగి ఇస్తూ.

అతను 'ఉదయం 10.38' అని చేర్చాడు. ఆమె మళ్ళీ చదివి, మడిచి, సర్టిఫికెట్లతో పాటు కవరులో పెట్టుకుంది. మెట్లు దిగబోతూ, అక్కడున్న బూట్ల వరస చూసి ఆగింది.

"పులివెందుల బడి కూడా ఇట్లనే కట్టినారు కదన్నా. ఆడ ఆపరేటరు షంషాద్ నాకు ఫోన్ చేస్తాంటాది. దాని పెట్టె కూడా ఈ వారం నుంచి కుడతాందంట."

సాల్మన్ రాజు ఫోను బయటికి తీశాడు. పోయిన ఏప్రిల్లో జమ్మలమడుగు పని అయ్యాక, అదే ఎర్రతీగ చుట్ట పట్టుకుని పులివెందుల కూడా పోయాడు. అక్కడ దావూద్ రాలేదు. తీగను తన చేత్తోనే లాగాడు.

గోడ గడియారం పన్నెండూ నలభై ఐదు చూపిస్తోంది. అక్కడా భోజనం గంట యాభైకే.

"ఆ పాప నంబరు చెప్పు."

మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తేసరికి నలభై ఎనిమిదయింది.

"షంషాదమ్మా, నేను కంప్యూటర్ల సాల్మన్ రాజును. చెప్పులు యాడుండాయి?"

"బయట ఇడిచినా సార్. ఎందుకు?"

"పోయి ఏసుకో. ఏసుకొని మీటరు బోర్డు కాడికి పోయి మెయిన్ దించు. ఫోన్ పెట్టెయ్యొద్దు. దోవలో ఏ పెట్టెనీ ముట్టుకోవద్దు."

"సార్ అడిగితే ఎవురు చెప్పినారని చెప్పల్ల?"

"సాల్మన్ రాజు చెప్పినాడని చెప్పు. తప్పు నాది, నేనే చెప్పినా."

ఫోనులో చెప్పుల చప్పుడు మొదలైంది. ఎక్కడో గంట మోగింది. దాని వెనకే వందల కాళ్ళు పరిగెత్తుతున్న చప్పుడు, సీసాలు ఒకదానికొకటి తగిలే చప్పుడు. "పాపా, తొందరగా" అన్నాడు సాల్మన్ రాజు, ఆ అమ్మాయికి వినబడదని తెలిసీ. పీరాంబీ రెండు మెట్లు ఎక్కి వచ్చి, తన చెవి కూడా ఫోను దగ్గర పెట్టింది.

ఒక్కసారిగా పిల్లలంతా అరిచారు.

అది ఏ అరుపో తెలియలేదు. అరుపు సాగింది, సాగి సాగి "ఓ" అయింది, ఆ వెనక నవ్వులు వినబడ్డాయి. అంతసేపూ ఫోనులో వినబడుతున్న ఫ్యాను రొద నిదానించి ఆగిపోయింది.

"దించినా సార్" అంది షంషాద్. "ఇప్పుడు ఏం చెయ్యల్ల?"

సాల్మన్ రాజు మెట్టు మీద కూర్చుండిపోయాడు. పీరాంబీ అతని చేతిలోంచి ఫోను తీసుకుంది.

"ఆడనే నిలబడు షంషాద్. అన్న బయల్దేరతాండాడు. వచ్చేదాకా ఎవరినీ దాన్ని ఎత్తనియ్యొద్దు" అని చెప్పి, ఫోను అతని ఒళ్ళో పెట్టి, కంప్యూటరు గది గుమ్మం పక్కన గోడకున్న చెప్పుల బోర్డు దగ్గరికి వెళ్ళి, దాన్ని మేకు మీంచి తీసింది.